దసరాకి కొత్తవాళ్లతో కోలాటమా? ముందు ఇవి చూసుకోండి

దసరా దగ్గరపడుతోంది. గుళ్ల దగ్గర, అపార్ట్‌మెంట్లలో ప్రాక్టీసులు మొదలవుతాయి. నేర్పేవాళ్లు మరిచిపోకూడనివి:

పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకుని జడలా అల్లుతూ ఆడే జడ కోలాటం ఈ ఏడాదికి వద్దు. ఒక్కరు దారి తప్పితే తాళ్లన్నీ చిక్కుపడతాయి. అల్లిన జడ విప్పాలంటే వచ్చిన దారినే వెనక్కి ఆడాలి. జనం ముందు కొత్తవాళ్లకి అంత టెన్షన్ ఎందుకు? మామూలు జంట కోలాటం చాలు.

సరి సంఖ్య ఉండాలి. లోపలి వరుస, బయటి వరుస సమానం కాకపోతే ఒకరి కర్రకి ఎదురు కర్ర ఉండదు. ఆ రోజు ఎవరో ఒకరు రారు, తప్పదు. కోపులన్నీ (కోలాటంలో అడుగుల, దెబ్బల వరసలు) వచ్చిన మనిషిని ఒకరిని అదనంగా ఉంచుకోండి.

కోపు మార్చమని రెండు దెబ్బల ముందే చెప్పండి. సరిగ్గా దెబ్బ మీద "తిరగండి" అని అరిస్తే సగం మంది తిరుగుతారు, మిగతావాళ్ల వేళ్లు నలుగుతాయి.

మూడు కోపులు మించొద్దు. అవే తిప్పి తిప్పి ఆడినా చూసేవాళ్లకి బాగానే ఉంటుంది.

డీజే పాట కంటే తాళాలతో పాడేవాళ్లు నయం. తడబడితే వేగం తగ్గించమనొచ్చు.

చీర కుచ్చిళ్లు చీలమండ పైకి ఉండాలి. వెనకడుగులో తొక్కేది వాటినే.