"నాతోని కాదు సార్" అనే పిల్లలకు ఏం చేయాలి?

వరంగల్ జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పదో తరగతిలో ఏటా ఎక్కువగా వినే మాట ఇదే: "నాతోని కాదు సార్." మొదట్లో బద్ధకం అనుకొని తిట్టాను. తర్వాత ధైర్యం చెప్పి చూశాను. రెండూ పనిచేయలేదు. పిల్లలు ఆ మాట ఊరికే అనడం లేదు. ఇన్నాళ్ళూ తమకు ఏం జరిగిందో చూసుకొని అంటున్నారు.

సమస్య: ప్రశ్న చదవకముందే పెన్ను కింద పెట్టేస్తారు

కారణం: పదో తరగతి సమీకరణం దగ్గర ఆగినట్టు కనిపిస్తారు గానీ, అసలు తెగింది ఆరు, ఏడు తరగతుల్లోనే, భిన్నాల దగ్గరో మైనస్ గుర్తు దగ్గరో. మా వైపు దసరా దాటాక పత్తి ఏరే రోజుల్లో కొందరు పిల్లలు వారాల తరబడి బడికి రారు. వచ్చేసరికి పాఠం ముందుకు పోయి ఉంటుంది. రెండు మూడేళ్ళు ఇలాగే జరిగితే నోటుబుక్కు నిండా తప్పులే.

ఏం చేయాలి: ఐదు నుంచి ఎనిమిదో తరగతి దాకా లెక్కలు కలిపి ఒక పది ఇవ్వండి. మార్కులు వేయొద్దు, పక్కవాళ్ళకు చూపించొద్దు. ఎక్కడిదాకా సొంతంగా చేశారో అక్కడి నుంచే మొదలుపెట్టండి. రోజుకు ఐదు చాలు: నాలుగు చేయగలిగేవి, ఒకటి కాస్త కష్టమైనది. ప్రతి పేజీ మీద తేదీ వేయించండి. పదిహేను రోజులయ్యాక మొదటి పేజీ, ఆ రోజు పేజీ పక్కపక్కన పెట్టి చూపించండి. "ఇది నేనే చేసిన్నా సార్?" అని వాళ్ళే అడుగుతారు.

"నేను చేయగలను" అనే నమ్మకానికి అన్నిటికంటే గట్టి ఆధారం సొంతంగా చేసి గెలిచిన అనుభవమేనని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బాండూరా 1977లోనే రాశారు. 1981లో ఆయన, డేల్ షంక్ కలిసి తీసివేతల్లో వెనకబడిన పిల్లలకు ఏడు విడతల్లో 42 పేజీల లెక్కలు ఇచ్చారు. విడతకు ఆరు పేజీలు చేయమన్న పిల్లలు, చివరికల్లా 42 చేయమన్నవాళ్ళ కంటే బాగా నేర్చుకున్నారు, నమ్మకమూ ఎక్కువ పెరిగింది. "మార్చిలో పాస్ కావాలి" అనడం 42 పేజీలు చూపించడం లాంటిదే.

ఒక జాగ్రత్త. నెలల తరబడి తేలిక లెక్కలే ఇస్తే పిల్లలు కనిపెడతారు. తమ మీద సార్‌కు నమ్మకం లేదనుకుంటారు. ఆ ఐదో లెక్కను వదలొద్దు.

సమస్య: "గన్ని మార్కులు మనకెందుకు వస్తయ్ సార్"

కారణం: తమలాంటి వాళ్ళు గెలవడం దగ్గరగా చూడలేదు.

ఏం చేయాలి: పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్ళిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. ఆమె గురించి తప్పకుండా చెప్పండి, పిల్లల కళ్ళు మెరుస్తాయి. కానీ లెక్కల భయం పోవాలంటే నిరుడు ఇదే బెంచీలో కూర్చొని, ఇదే పాఠంలో తప్పులు చేసి, తర్వాత గట్టెక్కిన సీనియర్‌ను పిలవడం మేలు. ముందు ఎక్కడ తప్పేవాళ్ళో, ఎలా దిద్దుకున్నారో బోర్డు మీద చేసి చూపించమనండి. పెద్ద ఆఫీసర్ ప్రసంగం కంటే ఆ పది నిమిషాలే ఎక్కువ పనికొస్తాయని నా అనుభవం.

సమస్య: బాగా చదివే పిల్లలే కష్టమైన లెక్క ముట్టరు

కారణం: "నువ్వు తెలివైనోడివి" అన్న మన పొగడ్తే కావచ్చు. తప్పితే ఆ పేరు పోతుందని భయం. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివిని పొగిడిన పిల్లలు ఓటమి తర్వాత త్వరగా వదిలేశారు. కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలు పట్టు వదల్లేదు.

ఏం చేయాలి: చేసిన పనినే మెచ్చుకోండి. "రెండో పద్ధతి కూడా ప్రయత్నించావు, బాగుంది" అంటే చాలు.

సమస్య: ఇంట్లో వస్తుంది, పరీక్షలో రాదు

కారణం: గుండె దడను "నాకు రాదు" అనడానికి గుర్తుగా తీసుకుంటారు.

ఏం చేయాలి: ఆ టెన్షన్ అందరికీ వస్తుందని ముందే చెప్పండి. టైం పెట్టి పాత పేపర్లు రాయించండి. వచ్చిన ప్రశ్నతోనే మొదలుపెట్టడం అలవాటు చేయండి.

రెండు నెలలైనా మార్పు లేదంటే కళ్ళు పరీక్ష చేయించండి. మా తరగతిలో ఒకమ్మాయి ఏడాదంతా "అర్థం కాదు సార్" అంటూనే ఉండేది. ఒకరోజు వెనక బెంచీ నుంచి బోర్డు మీది 8ని 3 అని చదివింది. అద్దాలు వచ్చిన వారానికి భిన్నాల నుంచి మళ్ళీ మొదలుపెట్టాం, రోజుకు ఐదు లెక్కలు.