పెళ్లికి ముందు పీలింగ్: ఇంట్లోనా, డాక్టర్ దగ్గరా?

చైత్రం వచ్చిందంటే మా తిరుపతిలో శుభలేఖలూ ఎండలూ కలిసే వస్తాయి. ఆ వెనకే మే నెలలో గంగమ్మ జాతర. నలుగురిలో ముఖం తేటగా కనపడాలని ఎవరికుండదు? అందుకే సరిగ్గా చేయించుకోకూడని రోజుల్లోనే పీలింగ్‌కి, అంటే ఆసిడ్ రాసి ముఖం మీది పైపొరను రాల్చే పనికి, పరుగెత్తుతాం. మీ ఇంట్లో ఎవరికైనా ఆ ఆలోచన ఉంటే ముందు ఇది చదవమనండి.

మా చెల్లెలు నిశ్చితార్థానికి నాలుగు రోజుల ముందు ఒక పార్లర్‌లో పీల్ చేయించుకుంది. "చుర్రుమంటోంది" అంటే "మొదట్లో అలాగే ఉంటుంది, కాస్త ఓర్చుకోమ్మా" అన్నారట. ఏ ఆసిడో, ఎంత శాతమో తనూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. మర్నాడు ముఖం నూనె రాసినట్టు మెరిసింది, అందరం బాగుందన్నాం. మూడో రోజుకి బుగ్గల మీద చర్మం ఉల్లిపొరలా లేచింది. దాన్ని గోటితో లాగేసి, మిట్టమధ్యాహ్నం స్కూటీ మీద గాంధీ రోడ్డుకి వెళ్లొచ్చింది. వారం తిరిగేసరికి బుగ్గ మీద రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ. అది పోవడానికి ఐదు నెలలు పట్టింది.

ఎందుకలా అయిందో డాక్టరమ్మ చెప్పాక అర్థమైంది. మన చామనఛాయ చర్మం కాలినా, ఒరుసుకుపోయినా, గిల్లినా ఆ చోట రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా తయారై నల్లబడుతుంది. పైపొరలోని మృతకణాలు ఎటూ వాటంతటవే రాలిపోతుంటాయి. వయసులో ఉన్నవాళ్లకు ఆ పొర మారడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. ఆసిడ్ చేసేదల్లా ఆ పనిని తొందరపెట్టడమే. అలా ముందే బయటపడ్డ లేత చర్మం ఎండకు ఓర్చుకోలేదు.

ఇంట్లో వాడే సీరమ్‌కీ డాక్టర్ చేసే పీల్‌కీ అసలు తేడా బలంలో ఉంది. షాపులో దొరికేవాటిలో గ్లైకాలిక్ ఆసిడ్ మామూలుగా 5 నుంచి 10 శాతం, సాలిసిలిక్ 2 శాతం దాకా ఉంటాయి. డాక్టర్లు వాడే గ్లైకాలిక్ పీల్ 20 నుంచి 70 శాతం. దాన్ని రాశాక గడియారం చూసుకుంటూ, చర్మం ఎక్కడ ఎర్రబడుతోందో గమనిస్తూ, సమయానికి వంటసోడా ద్రావణంతో దాని పని ఆపేయాలి. ఆన్‌లైన్‌లో సీసా తెప్పించుకుని అద్దం ముందు చేసుకునే పని కాదిది.

ముఖం కళ తప్పింది, గరుకుగా ఉంది, ముక్కు మీద బ్లాక్‌హెడ్స్ ఉన్నాయి, అంతేనా? ఇంట్లో చాలు. మంగు, మొటిమల గుంటలు, పాత నల్ల మచ్చలు అయితే చర్మ వ్యాధుల డాక్టర్ దగ్గరికే వెళ్లండి. ప్రైవేటుగా ఖర్చనుకుంటే ఇక్కడి రుయా ప్రభుత్వాసుపత్రిలో చర్మ విభాగం ఓపీ ఉంది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకున్నా, పెదాల దగ్గర నీటి పొక్కులు వస్తుంటాయన్నా, గాయం మానాక ఉబ్బెత్తు మచ్చ మిగిలే తత్వమైనా, గర్భవతి అయినా అడక్కముందే చెప్పేయాలి.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న "తెల్లబడే క్రీమ్" వాడుతుంటే అదీ దాచకండి. ట్యూబ్ మీద బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ అని ఉంటే అది స్టెరాయిడ్. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడిపోతుంది. దాని మీద పీల్ పడితే ఏమవుతుందో తలచుకుంటేనే భయమేస్తుంది. అలాగని ఒక్కసారిగా మానేసినా ముఖం ఎర్రగా మండుతుంది కాబట్టి ఎలా తగ్గించాలో డాక్టర్‌నే అడగండి.

ఇంట్లో చేసుకునేవాళ్లు ముందు చెవి వెనక కొంచెం రాసి రెండు రోజులు చూడండి. దద్దుర్లూ మంటా లేకపోతే వారానికి ఒక్క రాత్రి, బఠాణీ గింజంత చాలు. ఆ రాత్రి రెటినాల్ (ముడతలకు రాసే క్రీమ్) వద్దు, స్క్రబ్ వద్దు, ఆ వారం థ్రెడింగూ వద్దు. పొద్దున్నే ఎస్పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసుకుని, ఎండలో తిరిగితే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. నిమ్మచెక్క రుద్దడం మాత్రం అసలు వద్దు. నిమ్మరసం ఉన్న చోట ఎండ తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది.

సున్నిపిండి సంగతి అందరూ అడుగుతారు. ఒంటికి మంచిదే. ముఖానికైతే జల్లించిన మెత్తటి పిండిని పెరుగులో కలిపి రాసి, తడిగా ఉండగానే కడిగేయండి. ఆరనిచ్చి రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. పెళ్లికూతురి విషయంలో మనం మరిచిపోయేది ఇదే: పది రోజుల క్రితం పీల్ అయిన ముఖానికి పెళ్లినాడు ముత్తైదువులు ప్రేమగా నలుగు పెడతారు. అత్తలకు, పిన్నమ్మలకు ముందే చెప్పి, చేతులకూ కాళ్లకే పెట్టమనండి. జాతరలో బండ వేషానికి ఒంటినిండా కుంకుమ, తోటి వేషానికి బొగ్గు పూసుకునే మగపిల్లలదీ ఇదే పరిస్థితి. మొక్కు ఉన్నవాళ్లు ఆ నెలంతా ముఖాన్ని దాని మానాన వదిలేయాలి.

నన్నడిగితే పీల్స్ కార్తీకం ముసుర్లలో మొదలుపెట్టి మాఘానికల్లా ముగించాలి. తప్పదంటే ముహూర్తానికి కనీసం మూడు వారాల ముందు చివరిది అయిపోవాలి.

ఇంట్లో రాసిన ఆసిడ్ భగ్గుమంటే నిమిషాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి. కుళాయి కింద చల్లటి నీళ్లతో పావుగంటైనా కడగండి. పసుపు, టూత్‌పేస్ట్, ఐసు గడ్డ ఏవీ పెట్టొద్దు. పొక్కులు లేచినా, చర్మం బూడిద రంగుకో నలుపుకో తిరిగినా తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి, రాసుకున్న సీసా చేత పట్టుకుని.