బ్రిటన్ నుంచి యూరప్‌కు బైక్ పంపాలంటే: బ్రెగ్జిట్ తర్వాత కాగితాలు, ఖర్చులు

2021 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ లెక్కలో బ్రిటన్ బయటి దేశం. ఫ్రాన్స్‌కో స్పెయిన్‌కో బైక్ పంపాలనుకునేవాళ్లు ముందుగా లారీ రేటు అడుగుతారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: బైక్ తిరిగొస్తుందా, అక్కడే ఉండిపోతుందా? కాగితాలన్నీ దాన్ని బట్టే మారతాయి. ఇక్కడ చెప్పేది ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ సంగతి. ఉత్తర ఐర్లండ్ నిబంధనలు వేరు.

మీరే నడుపుకుంటూ వెళ్తే

రిజిస్ట్రేషన్ ఉన్న సొంత బైక్ మీద విహారానికి వెళ్లడం అన్నిటికంటే తేలిక. సరిహద్దు దాటడమే తాత్కాలిక దిగుమతి ప్రకటన కింద లెక్క; యూనియన్‌లో నివాసం లేనివారికి సాధారణంగా ఆరు నెలల గడువు ఉంటుంది. వీ5సీ లాగ్‌బుక్ (బ్రిటన్‌లో బైక్ రిజిస్ట్రేషన్ పత్రం) అసలు ప్రతి, లైసెన్సు, ఇన్సూరెన్సు దగ్గరుంచుకోండి. బైక్ అద్దెదైతే వీ5సీ బదులు వీఈ103 పత్రం కావాలి. విదేశంలో ఇన్సూరెన్సు ఉందని చూపే గ్రీన్ కార్డు అవసరం 2021 ఆగస్టులోనే పోయింది. అదే ఏడాది సెప్టెంబర్ 28 నుంచి బైక్ ఏ దేశానిదో చూపే పాత ‘జీబీ’ స్టిక్కర్ చెల్లదు, ‘యూకే’ అని ఉండాలి. చాలా పాలసీలు సముద్రం దాటగానే థర్డ్ పార్టీకి పడిపోతాయి, అది ముందే చూసుకోండి.

బైక్ లారీలో, మీరు విమానంలో

యజమాని పక్కన లేకుండా వెళ్లే బైక్‌ను కస్టమ్స్ వాళ్లు సరుకుగా చూస్తారు. నంబర్ ప్లేటు లేని రేసు బైక్, ట్రాక్ బైక్, వాటి స్పేర్ల పరిస్థితీ ఇంతే. తిరిగొచ్చే సరుకుకు ఏటీఏ కార్నెట్ సరైన దారి. ఇది సుంకం, వ్యాట్ కట్టకుండా సరుకును తాత్కాలికంగా వేరే దేశానికి తీసుకెళ్లి తేవడానికి ఇచ్చే కస్టమ్స్ పత్రాల పుస్తకం.

1. ముందు జాబితా. ప్రతి వస్తువుకూ వరుస నంబరు, మోడల్, ఛాసిస్ నంబరు, బరువు, విలువ, తయారైన దేశం రాయాలి. స్పేర్ చక్రాలు, స్టాండ్లు, పనిముట్లు కూడా రాయాలి. కార్నెట్ జారీ అయ్యాక కొత్తది చేర్చడం కుదరదు. రాసినవాటిలో కొన్ని ఇంట్లో వదిలేసినా ఇబ్బంది లేదు, ఆ ప్రయాణంలో వెళ్తున్న వస్తువుల నంబర్లనే కార్నెట్‌లోని రసీదు పత్రం మీద రాస్తారు. అందుకే అనుమానంగా ఉన్న స్పేర్‌ను కూడా రాసేయడమే మేలు. పెట్రోలు, ఆయిల్ లాంటి ఖర్చైపోయేవి ఇందులోకి రావు. గొడవంతా టైర్ల దగ్గరే వస్తుంది: జాబితాలో ఉన్న టైరు అరిగి పనికిరాకపోయినా వెనక్కి తేవాల్సిందే.

2. దరఖాస్తు. లండన్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ లేదా కార్నెట్లు జారీ చేసే మరో స్థానిక ఛాంబర్‌కు ఇవ్వాలి. జారీ రుసుముతో పాటు బైక్ విలువను బట్టి గ్యారంటీ కూడా ఉంటుంది. డిపాజిట్‌గానో బ్యాంకు గ్యారంటీగానో ఇస్తే అన్నీ సరిపోయాక విడిపిస్తారు. ప్రీమియం రూపంలో కడితే ఆ డబ్బు తిరిగి రాదు. గడువు గరిష్ఠంగా ఏడాది.

3. నాలుగు కస్టమ్స్ ముద్రలు. బ్రిటన్ దాటేటప్పుడు పసుపు పత్రం మీద, యూనియన్‌లోకి వెళ్లేటప్పుడు తెల్ల పత్రం మీద, వచ్చేటప్పుడు యూనియన్ దాటుతూ తెల్లదాని మీద, బ్రిటన్‌లోకి వస్తూ పసుపుదాని మీద. డోవర్ మీదుగా వెళ్లేవారు ఓడరేవులో వెతుక్కోకుండా యాష్‌ఫర్డ్ దగ్గరి సెవింగ్టన్ కస్టమ్స్ కేంద్రంలో ముందే వేయించుకోవాలి. ఈ దారిలో సరుకు వాహనాల కదలికలు నమోదు చేసే బ్రిటన్ ఆన్‌లైన్ వ్యవస్థ జీవీఎంఎస్‌లో తీసిన జీఎంఆర్ నంబరు కూడా కావాలి. ఫ్రాన్స్ నుంచి స్పెయిన్‌కు వెళ్తే మధ్యలో ముద్ర లేదు. స్విట్జర్లాండ్‌లోకి వెళ్తే అదనపు పత్రాలు కావాలి.

ఎక్కువమంది దెబ్బతినేది మూడో ముద్ర దగ్గర. రాత్రి ఫెర్రీ తొందరలో కాలేలో ఆగకుండా వచ్చేస్తే, బైక్ అక్కడే ఉండిపోయిందని ఫ్రెంచి కస్టమ్స్ భావిస్తుంది. నెలల తర్వాత సుంకం, వ్యాట్, పైన జరిమానా కట్టమని ఛాంబర్ ద్వారా నోటీసు వస్తుంది. అప్పుడు బ్రిటన్‌లో వేసిన నాలుగో ముద్రను బైక్ తిరిగొచ్చిందనడానికి సాక్ష్యంగా చూపొచ్చు, కాబట్టి దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. ఇంకొకటి: తెల్ల పత్రం చించాక కార్నెట్‌లో మిగిలే భాగం మీద తిరిగి తీసుకెళ్లాల్సిన తేదీని అధికారి రాస్తారు. అది కార్నెట్ గడువు కంటే ముందే ఉండొచ్చు. కౌంటర్ దగ్గరే చదువుకోండి.

అక్కడే ఉండిపోయే బైక్

అమ్మకానికి పంపితే దిగుమతి ప్రకటన, సుంకం, వ్యాట్ తప్పవు. యూనియన్‌లో స్థిరపడ్డ కస్టమ్స్ ఏజెంటును పెట్టుకోవాలి. సుంకం 250 సీసీ వరకు 8 శాతం, ఆ పైన 6 శాతం. వ్యాట్ దేశాన్ని బట్టి మారుతుంది: జర్మనీలో 19, ఫ్రాన్స్‌లో 20, స్పెయిన్‌లో 21, ఐర్లండ్‌లో 23.

ఉదాహరణకు 5,000 పౌండ్ల 650 సీసీ బైక్ ఫ్రాన్స్‌కు వెళ్తోంది, సరిహద్దు దాకా రవాణా, ఇన్సూరెన్సు 500 అనుకుందాం. 5,500 మీద సుంకం 330. రెండూ కలిపిన 5,830 మీద వ్యాట్ 1,166. మొత్తం 1,496 పౌండ్లు, ఏజెంటు ఫీజు దీనికి అదనం.

బ్రిటన్‌లో తయారైనట్టు మూలధ్రువీకరణ ఉంటే బ్రిటన్, యూనియన్‌ల మధ్య వాణిజ్య ఒప్పందం ప్రకారం సుంకం సున్నా, వ్యాట్ మాత్రం కట్టాలి. ఇక్కడ బ్రాండు పేరు చూసి మోసపోవద్దు. ట్రయంఫ్ ఇంగ్లిష్ పేరే, కానీ చాలా మోడళ్లు థాయ్‌లాండ్‌లో తయారవుతాయి. చెన్నైలో తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్‌కూ ఈ సున్నా వర్తించదు. ఇటలీలో తయారైన డుకాటి యూనియన్‌కే తిరిగి వెళ్తున్నా, బ్రిటన్‌తో ఉన్న ఒప్పందం దాన్ని ఆదుకోదు.

ముప్పై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, తయారీ ఆగిపోయిన మోడలైతే 9705 కస్టమ్స్ కోడ్ కింద సేకరణ వస్తువుగా వేయించవచ్చు. సుంకం ఉండదు, వ్యాట్ ఫ్రాన్స్‌లో 5.5 శాతం. పైన చెప్పిన 5,500కే అది 302.50 అవుతుంది. ఇంజిన్ మార్చినా, ఫ్రేము కోసినా ఆ హోదా నిలవడం కష్టం.

ఇల్లు మారుతూ తీసుకెళ్తుంటే నివాస బదిలీ మినహాయింపు అడగండి. యూనియన్ బయట కనీసం 12 నెలలు ఉండి, బైక్‌ను ఆరు నెలలు వాడి ఉండాలి. తర్వాత ఏడాదిపాటు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. దరఖాస్తుకు పాత బిల్లులు, కరెంటు రసీదులు కావాలి.

ఫ్రాన్స్‌లో రిజిస్ట్రేషన్‌కు 846 ఏ కస్టమ్స్ ధ్రువపత్రం అడుగుతారు, దాంతోపాటు బైక్ యూరప్ ప్రమాణాలకు సరిపోతుందని తయారీదారు ఇచ్చే సీఓసీ పత్రం. బైక్ ఇంకా మీ దగ్గర ఉండగానే సీఓసీ తెప్పించుకోండి. వీ5సీలో శాశ్వత ఎగుమతి భాగం చించి డీవీఎల్‌ఏకు (బ్రిటన్ వాహన రిజిస్ట్రేషన్ సంస్థ) పంపండి, మిగతా లాగ్‌బుక్ బైక్‌తోనే వెళ్లాలి. ఏడాది, అంతకు మించి బయట ఉంచినా ఇదే నియమం. రోడ్డు పన్నులో మిగిలిన పూర్తి నెలల సొమ్ము వెనక్కి వస్తుంది.

లారీవాడిని అడగాల్సినవి

సుంకం, వ్యాట్ ఎవరు కడతారు? ప్రకటన ఎవరి పేరు మీద? ముద్ర తప్పితే బాధ్యత ఎవరిది? ఈ మూడూ రాతపూర్వకంగా తీసుకోండి. కిరాయికి సరుకు మోసే 2.5 టన్నుల పైబడిన వ్యాన్లకు 2022 మే 21 నుంచి యూరప్ ప్రయాణానికి ఆపరేటర్ లైసెన్సు తప్పనిసరి. దాని నంబరు చెప్పడానికి నసిగేవాళ్లకు బైక్ ఇవ్వకండి.