మైదానం మారుస్తామంటే అర్జీ ఇలా పెట్టండి

బెజవాడలో పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అంటే నాకు జనవరి పుస్తకాల పండగ, మోచేతులు తగిలే జనం, చెప్పుల నిండా దుమ్ము. 2024 జనవరి 19 నుంచి అక్కడ అంబేడ్కర్ స్మృతివనం, పీఠంతో కలిపి 206 అడుగుల విగ్రహం. విగ్రహంతో నాకు పేచీ లేదు, ఖాళీ జాగా గురించే నా బెంగ. మీ ఊళ్లోనూ ఇలాంటి కబురు వస్తే ముందు కాగితాలు పట్టండి.

సమాచార హక్కు దరఖాస్తుకి మహా అయితే పది రూపాయలు, జవాబుకి 30 రోజులు. సర్వే నంబరు, భూమి ఎవరి పేరున ఉంది, మాస్టర్ ప్లాన్‌లో దాన్ని దేనికి కేటాయించారు, డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక) నకలు, ఇవి అడగండి. "ఎందుకు మారుస్తున్నారు" అని మాత్రం రాయకండి. రికార్డులో ఉన్నదే ఇస్తారు, సంజాయిషీ ఇవ్వరు.

అభ్యంతరం ఒక్క పేజీ దాటొద్దు. మైదానం మార్పు మీద అభ్యంతరాలు అడుగుతూ ఇచ్చిన నోటీసులో ఉన్న గడువు లోపల ఇవ్వాలి. నేను మొదటిసారి చేతికిచ్చి వచ్చేశాను. నెల తర్వాత వెళ్తే "మాకేం రాలేదండీ" అన్నారు! అప్పట్నుంచి రెండు ప్రతులు. రెండోదాని మీద తేదీ, ముద్ర పడేదాకా కౌంటరు వదలను.

జ్ఞాపకాలు రాస్తే ఫైల్లో పడుంటాయి, లెక్కలు రాయండి. మూడు రోజులు పొద్దున్నే ఆరింటికి వెళ్లి నడిచేవాళ్లని, క్రికెట్ పిల్లల్ని, చెరుకురసం బళ్లని లెక్కపెట్టండి. చివర్లో ఒక్కటే ప్రశ్న: స్టాళ్లు వేసుకోడానికి ఎన్ని గజాలు వదులుతున్నారు?