రెడ్ డాట్ జీరో నిలవడం లేదా? క్లిక్కులు తిప్పకముందు స్క్రూ కొలవండి

అమెరికాలో రేంజికి వెళ్ళే మనవాళ్ళలో చాలామంది చిన్న రెడ్ డాట్ (గాజు మీద ఎర్ర చుక్క చూపి గురి పెట్టించే సైటు) ఒకటి కొని, దాన్నే రైఫిల్ మీదా పిస్టల్ మీదా మార్చి మార్చి పరీక్షిస్తుంటారు. రైఫిల్ మీద బుద్ధిగా ఉన్న సైటు పిస్టల్ మీదికి రాగానే మొరాయిస్తుంది: జీరో, అంటే చుక్క పెట్టిన చోటే తూటా పడే అమరిక, నిలవదు. వెంటనే క్లిక్కులు (చుక్కను కొద్దికొద్దిగా జరిపే మెట్లు) తిప్పడం మొదలవుతుంది. దయచేసి ఆగండి. తుపాకీ ఖాళీ చేసి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) చూసుకుని, సైటును బొటనవేలితో నాలుగు వైపులా గట్టిగా నెట్టి చూడండి. పది సెకన్ల పని. ఎంత చెప్పినా ఎవరూ చేయరు.

పిస్టల్ మీద గ్రూపు (తూటాలు పడే గుంపు) తిరుగుతోంది, రైఫిల్ మీద బాగానే ఉంది

రైఫిల్ మీద సైటు కదలని రైలు మీద కూర్చుంటుంది. పిస్టల్ మీద మాత్రం పేల్చిన ప్రతిసారీ స్లైడుతో (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగంతో) పాటు వెనక్కి దూసుకెళ్ళి, ఠక్కున ఆగి, మళ్ళీ ముందుకొచ్చి కొట్టుకుంటుంది. బిగింపులో లోపముంటే అక్కడే బయటపడుతుంది. స్క్రూ వదులుగా ఉంటే వేలికే తెలుస్తుంది, బిగిస్తే సరిపోతుంది. అసలు తిప్పలు స్క్రూ బిగిసినట్టే ఉన్నప్పుడు.

చాలాసార్లు దొంగ స్క్రూ పొడవులోనే ఉంటాడు. సైటుతో ఒక జత స్క్రూలు వస్తాయి, సైటుకూ స్లైడుకూ మధ్య పెట్టే అడాప్టర్ ప్లేటుతో ఇంకో జత వస్తాయి. మర ఒకటే, పొడవు వేరు. పొడవుది వేస్తే దాని కొన రంధ్రం అడుగుకు తగిలి ఆగిపోతుంది. టార్క్ డ్రైవర్ (నిర్ణీత బిగువు రాగానే తెలిపే స్క్రూడ్రైవర్) టక్కుమంటుంది, మనం సరిపోయిందనుకుంటాం. ఆ బిగువంతా రంధ్రం అడుగున పడింది. స్క్రూ తల సైటును సరిగా నొక్కనేలేదు. సైటును పట్టుకుని ఉన్నవి ప్లేటు మీది చిన్న పిన్నులూ, మరలు వదులవకుండా పట్టే జిగురు, లాక్‌టైటు, కాస్తానూ. అందుకే వేలితో నెట్టినా కొన్నిసార్లు కదలదు. మొదట్లో తూటాలు చక్కగా పడతాయి, తర్వాత గ్రూపు ఓసారి ఎడమకు, ఓసారి పైకి పోతుంది. దాని వెంట క్లిక్కులు తిప్పుతూ పోతే తూటాల పెట్టెలు ఖాళీ అవుతాయి తప్ప జీరో కుదరదు.

తేల్చుకోవడం ఇలా. సైటు తీసేయండి. పాత లాక్‌టైట్ తుడిచిన స్క్రూను ఖాళీ ప్లేటులోకి చేత్తో, బలవంతం లేకుండా, ఆగేదాకా తిప్పండి. తల కింద మిగిలిన ఎడం కాలిపర్‌తో కొలవండి. తర్వాత సైటులో స్క్రూ తల ఆనే చోటి నుంచి అడుగు దాకా మందం కొలవండి. ఎడం ఆ మందం కంటే స్పష్టంగా తక్కువ ఉండాలి. సమానమైనా, ఎక్కువైనా ఆ స్క్రూ పనికిరాదు. సరైన పొడవుది తెప్పించండి, లేదా కొనను ఆకురాయితో అరగదీయండి. అరగదీశాక కూడా నాలుగైదు చుట్లయినా మర పట్టాలి. పట్టకపోతే ప్లేటే మార్చాలి.

లాక్‌టైట్ ఎక్కువ పోసినా ఇదే జరుగుతుంది. అడుగు మూసిన రంధ్రంలో అది నిండి, స్క్రూను కిందికి దిగనివ్వదు. రంధ్రాన్నీ మరలనూ ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, నీలం రకం ఒక్క చిన్న చుక్క స్క్రూ మీదే వేయండి. టార్క్ (బిగింపు బలం) సైటు మాన్యువల్ చెప్పినంతే. పిస్టల్ సైటులకు సాధారణంగా 12 నుంచి 15 అంగుళం-పౌండ్లు ఉంటుంది. స్క్రూ తల మీదుగా సైటు మీదికి పెయింట్ పెన్నుతో ఒక గీత గీసి, 24 గంటలు వదిలేయండి. ఆ గీత తెగితే స్క్రూ తిరిగిందన్నమాట.

సైటు పెట్టిన రోజు నుంచే ఖాళీ కేసు (పేలిన తూటా గొట్టం) బయటికి రావడం లేదా? గ్లాక్ ఎంఓఎస్ (సైటు బిగించేందుకు వీలుగా చెక్కిన) స్లైడులో కుడి వైపు స్క్రూ పొడవైతే కిందున్న ఎక్స్‌ట్రాక్టర్ ప్లంజర్‌ను (ఖాళీ కేసును లాగే కొక్కేన్ని ఆడించే కడ్డీని) నొక్కేస్తుంది. తూటాలను తిట్టకండి, ఆ స్క్రూ తీసి చూడండి.

క్లిక్కులు తిప్పినా తూటా కదలడం లేదు

లెక్క చూడండి. ఎంఓఏ అంటే కోణం కొలత; 1 ఎంఓఏ 100 గజాల దగ్గర సుమారు ఒక అంగుళం, 25 గజాల దగ్గర పావు అంగుళం. క్లిక్కుకు 1 ఎంఓఏ ఉన్న సైటుకు 25 గజాల దగ్గర అంగుళం జరపాలంటే నాలుగు క్లిక్కులు కావాలి. ఒక్క తూటా చూసి తిప్పకండి. తుపాకీని రెస్టు (ఆనించే దిమ్మ) మీద పెట్టి ఐదు పేల్చి, గ్రూపు నడిబొడ్డు చూసి తిప్పండి.

రైఫిల్ దగ్గర్లో కింద కొడుతోంది

ఏఆర్-15 రైఫిల్ మీద చుక్క బ్యారెల్ కంటే సుమారు 2.6 అంగుళాల పైన ఉంటుంది. 50 గజాలకు జీరో చేస్తే 10 గజాల దగ్గర దాదాపు రెండంగుళాలు కిందే పడుతుంది. ఇది లోపం కాదు, ముట్టుకోకండి. అయితే మౌంటు బిగించేటప్పుడు దాన్ని రైలు గాడిలో ముందుకు నెట్టిపట్టి బిగించారా అన్నది చూసుకోండి.

చుక్క నక్షత్రంలా, తోకచుక్కలా కనిపిస్తోంది

ఫోన్ కెమెరాతో చూడండి. అందులో గుండ్రంగా ఉంటే తేడా మీ కంటిలో ఉంది, ఆస్టిగ్మాటిజం (కంటి వంపులో తేడా). వెలుగు తగ్గించండి, కళ్ళద్దాలు పెట్టుకోండి.

చుక్క ఆరి వెలుగుతోంది

బ్యాటరీ, దాని కాంటాక్టులు. మార్చి, తుడవండి. ట్రిజికాన్ ఆర్ఎంఆర్‌లో బ్యాటరీ సైటు అడుగున ఉంటుంది, మార్చాలంటే సైటు తీయాలి. తిరిగి బిగించాక జీరో మళ్ళీ చూసుకోవాల్సిందే. ఓపెన్ ఎమిటర్ (చుక్కను వెలిగించే దీపం మూత లేకుండా ఉన్న) సైటయితే లోపల నూలుపోగో నీటిచుక్కో అడ్డం పడిందేమో కూడా చూడండి.

ఎమిటర్ పోవడం, లెన్సు ఊడటం అరుదు. స్క్రూ కొలత, బ్యాటరీ రెండూ సరిగ్గా ఉండి, రెండో తుపాకీ మీద కూడా అదే తీరు కనిపిస్తే విప్పకుండా కంపెనీకి పంపండి.