ప్రభుత్వ బడిలోకి బయటివారి రాకపోకలు: సమస్య - పరిష్కారం

సర్కారు బడి ఊరందరిది కాబట్టి ఎవరైనా ఎప్పుడైనా లోపలికి రావచ్చునన్న అభిప్రాయం నల్లగొండ, పాలమూరు పల్లెల్లో బలంగా ఉంది. ఆస్తి ప్రభుత్వానిదే అయినా, బడివేళల్లో పిల్లల భద్రతకు జవాబుదారీ ప్రధానోపాధ్యాయులే.

సమస్య: పాఠం జరుగుతుండగా బయటి వ్యక్తి తరగతి గదిలోకి వచ్చి సెల్‌ఫోన్‌తో వీడియో తీస్తాడు, వెళ్లమన్నా వెళ్లడు.

కారణం: ప్రవేశ నియమం నోటిమాటగానే ఉండిపోవడం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా అడుగుపెట్టడం ఒక్కటే నేరం కాదు. నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, చికాకు పెట్టాలనో ఉద్దేశంతో ప్రవేశించి ఉండాలి. లేదా సక్రమంగానే వచ్చి, అటువంటి ఉద్దేశంతో అక్రమంగా అక్కడే ఉండిపోయి ఉండాలి. ఆ ఉద్దేశాన్ని చూపే ఆధారం లేనిదే ఫిర్యాదు నిలబడడం కష్టం.

పరిష్కారం: పాఠశాల యాజమాన్య కమిటీలో తీర్మానం చేసి, సందర్శన వేళలను గేటు వద్ద బోర్డుపై రాయించి, సందర్శకుల రిజిస్టరు పెట్టాలి. మాట వినని వ్యక్తిని సాక్షుల ఎదుట వెళ్లమని చెప్పి, ఆ సమయాన్ని, అతని జవాబును అప్పటికప్పుడే రాసి, ఠాణాలో ఫిర్యాదు ఇచ్చి, ప్రతిని మండల విద్యాధికారికి (ఎంఈఓ) పంపాలి. అక్రమ ప్రవేశానికి 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. విధుల్లో ఉన్న ప్రభుత్వోపాధ్యాయుని అడ్డుకొనేందుకు చేయి చేసుకుంటే 132వ సెక్షన్ కింద 2 ఏళ్ల వరకు శిక్ష ఉంటుంది.

సమస్య: మధ్యాహ్నం ఒకాయన వచ్చి, తాను మేనమామనని చెప్పి పాపను పంపమంటాడు.

మన ప్రాంతంలో అన్నిటికన్నా భయపడవలసింది దీనికే. తల్లిదండ్రులు ముంబై, పుణెలకు వలస వెళ్తే పిల్లలు అవ్వ తాతల వద్ద ఉంటారు. రిజిస్టరులో ఉన్న తండ్రి ఫోను నంబరు ఎప్పుడో మారిపోయి ఉంటుంది. గద్వాల వైపు పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్ పనులు (పూలకు చేతితో పుప్పొడి అద్దడం) మొదలైతే చిన్న చేతులకు గిరాకీ పెరుగుతుంది. 14 ఏళ్లు నిండని పిల్లలతో పరాయి చేలలో పని చేయించడం చట్టరీత్యా నేరం. అందుచేత పిల్లను తీసుకువెళ్లగలవారి పేర్లు, ఫోటోలు, ఫోను నంబర్లు ప్రవేశ సమయంలోనే తీసుకొని ఏటా సరిచూడాలి. జాబితాలో లేనివారు ఎంత దగ్గరి చుట్టమని చెప్పినా, సంరక్షకులతో మాట్లాడకుండా పంపరాదు. అనుమానం కలిగితే పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయాలి.

సమస్య: మధ్యాహ్న భోజనం గురించి అడగవచ్చిన తల్లిని గేటు దగ్గరే తిప్పి పంపుతారు.

కారణం: పిల్లల రక్షణకు పెట్టిన నియమాన్ని ప్రశ్నలు తప్పించుకోవడానికి వాడుకోవడం. ఇది అన్యాయం. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల స్థానాలను తల్లిదండ్రులకు, సంరక్షకులకు ఇచ్చి, బడి పనితీరును పరిశీలించే బాధ్యతను ఆ కమిటీకి అప్పగించింది.

పరిష్కారం: వేళ నిర్ణయించవచ్చు గాని తలుపు మూయరాదు. జవాబు రాకపోతే ఆ తల్లి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఇవ్వవచ్చు. కారణం చెప్పనవసరం లేదు, 30 రోజుల్లో జవాబు రావాలి.

సమస్య: ప్రహరీ కడదామంటే, మైదానం మీదుగా పోయే బాట తమదని ఊరివారు అడ్డుపడతారు.

ప్రభుత్వ భూమిపై దారి హక్కు కోరాలంటే, ఈజ్‌మెంట్ (ఇతరుల భూమిని దారి వంటి అవసరాలకు వాడుకొనే హక్కు) చట్టం ప్రకారం 30 ఏళ్లు అడ్డంకి లేకుండా, హక్కుగా వాడి ఉండాలి. పునాది తీయకముందే తహసీల్దారు ద్వారా సర్వే చేయించి, ఆ బాట రికార్డుల్లో ఉన్నదో లేదో చూసుకోవాలి.