ఇంగ్లండ్‌లో పల్లెటూరి పబ్‌కి వెళ్తున్నారా?

కాట్స్‌వోల్డ్స్ వైపో, యార్క్‌షైర్ డేల్స్ వైపో వెళ్లేవాళ్లు ఊళ్లోని పాత పబ్‌లో ఒక పూటైనా భోంచేయండి. కానీ ఎవరో వచ్చి ఆర్డర్ తీసుకుంటారని కూర్చోకండి, చాలాచోట్ల మనమే బార్ దగ్గరికి వెళ్లి టేబుల్ నంబర్ చెప్పి డబ్బు కట్టాలి.

అక్కడ తాగి చూడాల్సింది కాస్క్ ఏల్, అంటే పీపాలోనే పులిసి అందులోంచే వడ్డించే సంప్రదాయ బీరు. బార్ మీదున్న పొడవాటి పిడిని నెమ్మదిగా లాగుతుంటే గ్లాసులోకి దిగుతుంది; గ్యాస్ తక్కువ, చల్లదనం కూడా 11–13 డిగ్రీలే కాబట్టి, మన ఐస్ బీరు అలవాటుతో పాడైపోయిందేమో అనుకోవద్దు. ఏది తీసుకోవాలో తేలకపోతే కొంచెం రుచి చూపించమని అడగండి, ఏమీ అనుకోరు. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, మొదటిసారికి హాఫ్ చాలు.

తిండి విషయంలోనే జాగ్రత్త. మధ్యాహ్నం రెండు, రెండున్నరకల్లా వంటగది మూసేసి మళ్లీ ఆరింటికి గానీ తెరవని పబ్‌లు బోలెడు. ఆదివారం రోస్ట్‌కి (ఓవెన్‌లో కాల్చిన మాంసం, కూరగాయలతో పెట్టే భోజనం) ముందే ఫోన్ చేసి టేబుల్ బుక్ చేసుకోండి, గ్రేవీ నిండిన ఆ యార్క్‌షైర్ పుడ్డింగ్ (తీపి కాదు, గుడ్లు, పిండి, పాలతో ఓవెన్‌లో పొంగించేది) కోసమైనా తినాలి! శాకాహారులైతే ఏముందో అప్పుడే కనుక్కోండి.